పదిహేడో స్కానర్

సర్వరు పడకేసింది. కారణం తెలియడం లేదు.

కంప్యూటర్ల నాడి పట్టుకుని రోగం చెప్పేస్తాడని కంపెనీలో అందరూ అతన్ని డాక్టరంటారు. అలాంటి డాక్టరుకి మధ్యాహ్నం నుంచి ముచ్చెమటలు పడుతున్నాయి.

"సాయంత్రం లారీలు కదలకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అని మేనేజరు మొహం మీదే చెప్పి పోయాడు.

ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. బిల్లులు రావడం లేదని ఒకరు, లారీ పాసులు రావడం లేదని ఇంకొకరు. రిపేర్ల ఆయనది వేరే గోల. "ఫ్రీజర్ గది తలుపుకి లోపలి పిడి ఊడిపోయింది సార్. కొత్తది తెప్పిద్దామంటే స్క్రీను కదలట్లేదు!"

"ఇప్పుడా పిడి గొడవ?" అని కసిరి ఫోన్ పెట్టేశాడు.

చివరికి దొరికింది. ఎవరో సిస్టంలో బఠాణీల సంచి వివరాలు మారుద్దామని తెరిచి, సేవ్ చేయకుండా కూర్చున్నారు. అది వదిలేదాకా ఒక బిల్లు ఆగింది, ఆ బిల్లు కోసం ఇంకో బిల్లు, అలా కంపెనీ మొత్తం వరసలో నిలబడిపోయింది.

పదిహేడో స్కానర్, గోడౌన్‌లో సరుకు లెక్క ఎక్కించే చేతి మిషను. లాగిన్ చూసి నోరు వెళ్లబెట్టాడు. భార్యది!

ఆవిడ కింద గోడౌన్‌లో సరుకు చూస్తుంది. పొద్దున్నే దెప్పింది. "నేను పిలిస్తే పలకరు. సర్వరు తుమ్మితే మాత్రం పరుగెత్తుతారు."

"అయితే నువ్వూ తుమ్మించు. ఏదైనా తెరిచి సేవ్ చేయకుండా కూర్చో. పరుగెత్తుకొస్తాను," అని నవ్వాడు తను. ఆవిడ నవ్వలేదు.

కోపం ఇంకా చల్లారలేదన్నమాట. గోడౌన్ వాళ్ల ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు కాబట్టి సరిపోయింది, లేకపోతే పిలిచి నాలుగు దులిపేవాడే.

కనెక్షన్ తెంపేశాడు. వెంటనే బఠాణీల సంచి మళ్లీ తెరుచుకుంది. తెంపాడు. తెరుచుకుంది. రానురాను ఆలస్యంగా తెరుచుకోసాగింది.

"వేళ్లు నొప్పెడుతున్నట్టున్నాయి మహాతల్లికి," అని గొణిగి, ఆ స్కానర్‌ని పూర్తిగా బ్లాక్ చేసి పారేశాడు.

సర్వరు గుర్రంలా లేచింది. సరుకెక్కించుకుని నిలబడ్డ లారీలు కదిలాయి. మేనేజరు వచ్చి భుజం తట్టాడు. "ఎవడయ్యా ఆ వెధవ?"

"తెలియలేదు సార్." పెళ్లాన్ని కాపాడుకున్నానని లోలోపల మురిసిపోయాడు. ఆవిడకి ఈ మాట చెప్పి అలక తీర్చాలని సాయంత్రం గోడౌన్‌కి దిగాడు.

సిస్టం ఆగిందని మధ్యాహ్నమే క్యాంటీన్‌లో చేరినవాళ్లు అప్పుడే మూతులు తుడుచుకుంటూ వస్తున్నారు.

"ఏదయ్యా మా ఆవిడ? పదిహేడో స్కానర్ పట్టుకుని ఏ మూల కూర్చుంది?"

సూపర్‌వైజరు అటూ ఇటూ చూశాడు.

"అది ఫ్రీజర్ గది స్కానర్ కద్సార్, మధ్యాహ్నం మేడంగారు దాన్ని పట్టుకుని లోపలికెళ్లారు, ఇంకా తెచ్చివ్వలేదు."