పంక్తిలో చెవి

మొదట్లో ఒరేల్ చేతిలో ఉన్నవి తాతనాటి మేపుల్ తోపు, ఒక రాగి బాణలి, ఆ చెట్ల రసం కాచి తీసే చెడిపోని పాకం.

లేనిది గిరాకీ. కెనడాలోని క్యుబెక్ కొండల్లో మంచు కరిగే ఆ నాలుగు వారాలూ అమ్ముడైతే సరి, లేకపోతే పాకం కాచి అమ్మే కొట్టం మూసుకోవాల్సిందే. జనమంతా ఏటి అవతలి కొట్టానికి పోతున్నారు.

ఆ ఏడు ఎవరో ముసలాయన వచ్చి పొయ్యి పక్క బల్ల మీద కూర్చున్నాడు. పేరు తెలెస్ఫోర్ అన్నాడు. రెండు సత్తు చెంచాలు తీసి మోకాలి మీద వాయించసాగాడు. సన్నగా, చూరు మంచు కరిగి బొట్లు రాలినట్టు.

ఒరేల్ వేడి పాకం మంచు మీద పోసేవాడు. అది సాగే మిఠాయిలా బిగిస్తే జనం దాన్ని పుల్లకు చుట్టి నోట పెట్టుకునే క్షణానికి చెంచాలు గలగలమనేవి. ఆవిరిలో ముఖాలు వెలిగేవి.

"ఇంత తీపి ఎప్పుడూ ఎరగం" అనేవాళ్ళు. ఆదివారాలు దారి పొడవునా కార్లు ఆగేవి.

అంతా తన పాకం మహిమే అనుకున్నాడు ఒరేల్.

ఒకటే ముల్లు. ముసలాయన పాకం ముట్టడు. గిన్నె ఇస్తే చేతులు వెచ్చబెట్టుకుని, నవ్వి పక్కన పెట్టేస్తాడు.

"నీ బల్ల మీద కూర్చున్నవాడే నీ సరుకు తినడం లేదేంట్రా?" పొరుగు రైతు గ్రెగ్వార్ అందరి ముందూ నవ్వాడు.

ఒరేల్‌కు చురుక్కుమంది.

"ఏం పెద్దాయనా, మా పాకం నీ నోటికి ఆనదా?"

"నేను తిన్నా తినకపోయినా ఒకటే నాయనా. వాళ్ళు తింటున్నారుగా."

"తినని వాడికి ఇక్కడ చోటు లేదు. వెళ్ళిరా."

ముసలాయన చెంచాలు జేబులో వేసుకుని మంచులోకి నడిచాడు.

మరుసటి ఆదివారం అవే చెట్లు, అదే బాణలి, అదే మంట.

"నీళ్ళు కలిపావా ఏంట్రా?" అన్నాడు గ్రెగ్వార్.

ఒరేల్ నాలుక మీద వేసుకున్నాడు. పాకం పాకంలాగే ఉంది. కొట్టమే మూగబోయింది. కార్లు మళ్ళీ ఏటి అవతలికి మళ్ళాయి.

ముసలాయన్ని వెతుక్కుంటూ కింది ఊరికి వెళ్ళాడు. నల్ల గౌనులో ఉన్న ఆయన మనవరాలు తలుపు తీసింది.

"తాత మొన్న పోయాడండి."

ఒరేల్ టోపీ తీశాడు. "నా పాకం ఆయనకెందుకు నచ్చలేదమ్మా?" అన్నాడు.

"నచ్చకపోవడమా? జ్వరమొచ్చి ఆయనకు రుచి పోయి ఏళ్ళయింది. 'తినేది నోరొక్కటే కాదే, చెవీ కన్నూ కూడా పంక్తిలో కూర్చుంటాయి' అనేవాడు. మీ దగ్గర జనం ముఖాలు చూసొచ్చి, 'ఇవాళ పాకం భలే కుదిరిందే' అని పెదవులు చప్పరించేవాడు."

చెంచాలు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

దారిలో ఒరేల్ వాటిని ఒకదానికొకటి తాకించాడు.

ఖాళీ నోట్లో తీపి ఊరింది. ఆ వసంతానికి అతనికి మిగిలిన లాభం అదే, అదీ తను వెళ్ళగొట్టిన మనిషి పెట్టింది.