మిగిలిన జత

ఉదయం 11.20కి విజయవాడ చీరల బజారులో పొగ లేచింది. నేలలోని దారిదీపాలు వెలిగాయి. ప్రతి ఫోనూ తన మనిషికి ఒక దారి చెప్పింది. ఆరు నిమిషాల్లో బజారు ఖాళీ అయిందని, జనం చేరాల్సిన మైదానంలో ఫోన్ల జాడ చూపే తెర చెప్పింది.

పరుపుల మీద కూర్చోబెట్టి చీరలు చూపే దుకాణం ముందు కోటమ్మ చెప్పులు కాస్తుంది. వాటికోసం ఎవరూ గుమ్మంలో ఆగకూడదని, గోతంలో నింపి ముందే మైదానానికి తెచ్చింది. వచ్చినవాళ్లంతా ఎవరివి వాళ్లు తొడుక్కున్నారు.

"ఒక జత మిగిలింది బాబూ," అంది కోటమ్మ.

"ఫోన్లన్నీ బయటికొచ్చేశాయి మామ్మా," అన్నాడు తెర చూస్తున్న అధికారి వంశీధర్.

"ఫోన్లొస్తే సరా? కాళ్లు రావద్దా?"

అతడు అగ్నిమాపక సిబ్బందిని లోపలికి పంపాడు. దుకాణం పైగదిలో మోకాళ్లు పట్టేసిన రత్తమ్మ దొరికింది. ఆమె ఫోను, పక్క వీధికి ఫాల్ కొనడానికి వెళ్లిన కోడలి సంచిలో ఉంది.

11.41కి రత్తమ్మ ఆ జత తొడుక్కుంది.