గుడి హద్దు

టేపు చర్చి మెట్ల దగ్గర మొదలై సారా కొట్టు గడప చేరేసరికి నూట నలభై మీటర్లు తేలింది.

"ఇది కుదరదు," అన్నాడు ఎక్సైజు ఇన్‌స్పెక్టరు, మిరప కల్లాల ఘాటుకు తుమ్ముతూ. "గుడికైనా చర్చికైనా వంద మీటర్ల లోపుంటేనే కొట్టు ఎత్తించగలను."

కోటిరత్నం ముఖం వాడిపోయింది. చర్చి వీధి ఆడవాళ్లలో అర్జీ మీద మొదట వేలిముద్ర వేసింది ఆమే. ఆ అర్జీ రాసింది మాత్రం శివాలయం పూజారి గురునాథం భార్య కనకలక్ష్మి. పాతికేళ్లుగా ఆ ఊళ్లో కాపురముంటున్నా చర్చి వీధి గడప తొక్కని మనిషి, పోయిన నెల ఎండలో ఇల్లిల్లూ తిరిగి అరవై వేలిముద్రలు వేయించింది.

ఆ రోజు కోటిరత్నం ఆమె పక్కనే నడుస్తూ అంది. "మీరు దేవుడి కోసం తిరుగుతున్నారమ్మగారూ. నేను మా ఆయన కోసం తిరుగుతున్నా. కూలి డబ్బులు ఇంటికి రావు. అడిగితే జుట్టు పట్టుకుంటాడు. మీ ఇంట ఆ పీడ లేదు, పుణ్యాత్ములు."

"పద పద, ఇంకా నాలుగిళ్లున్నాయి," అంది కనకలక్ష్మి.

ఇప్పుడు మిగిలింది శివాలయం. అందరూ అటు నడిచారు. కొట్టు నడిపే బుల్లయ్య ముందే వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గుడంటే నాకు మాత్రం భక్తి లేదా సార్? కార్తీకం నెలంతా దీపాల నూనె మనదే. అడగండి పూజారిగారిని."

గురునాథం తలవంచుకున్నాడు. నూనె మాట నిజమే.

"సరే పూజారిగారూ, కొలత ఎక్కణ్ణుంచి పట్టమంటారు? గుడి ఎక్కడ మొదలు?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"గర్భగుడి గడప దగ్గరండి. స్వామి ఉన్న చోటే కదండీ గుడి."

టేపు పట్టారు. నూట పద్దెనిమిది. బుల్లయ్య ఉత్తరీయంతో మెడ తుడుచుకుని నవ్వాడు. ఇన్‌స్పెక్టరు కలం మూత పెట్టబోయాడు.

"అది గుడి మధ్య. మొదలు కాదు."

అందరూ వెనక్కి తిరిగారు. కనకలక్ష్మి కొంగు నడుముకు దోపుకుని వీధిలోకి నడిచింది. గర్భగుడికి ఇరవై మీటర్ల అవతల, దుమ్ములో సగం కూరుకుపోయిన నల్లరాళ్ల వరస దగ్గర ఆగింది. కాలితో దుమ్ము తోసింది. రాతి మీద చెక్కిన ఏనుగు వీపు బయటపడింది.

"ఇది గాలిగోపురం పునాది. రెడ్డి రాజుల నాటిదంటారు. గోపురం కూలింది గానీ హద్దు కూలలేదు. గుళ్లోకి వచ్చే ఏ మనిషైనా ఈ రాయి దగ్గరే చెప్పులు విడుస్తాడు. ఎవరూ చెప్పక్కర్లేదు, కాళ్లకే తెలుసు."

"అలాగని రుజువేంటమ్మా?"

"ఇవిగో, ఈ కిర్రుచెప్పులు ఎవరివో అడగండి."

అందరూ బుల్లయ్య కాళ్లకేసి చూశారు. వట్టి కాళ్లు. ఎవరో కిసుక్కున నవ్వారు. కోటిరత్నం పైకే నవ్వింది.

"తొందర్లో విడిచానండీ..." అని నసిగాడు బుల్లయ్య.

ఆ రాయి దగ్గర్నుంచి కొలిస్తే తొంభై ఎనిమిది.

గురునాథం భార్య పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "ఏమే, నలుగురిలో నా మాట కొట్టిపారేస్తావా?"

"నా ఇల్లు నిలబడాలంటే స్వామి హద్దు నిలబడాలండీ," అంది ఆమె కూడా గొంతు తగ్గించి.

ఆ పూట ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆర్డరు వచ్చేదాకా ఇంట్లో మాటల్లేవు. ఊరు మాత్రం ఊరుకుంటుందా? దేవుడి కోసం మొగుణ్ణే ఎదిరించిందని మెచ్చుకున్నవాళ్లు మెచ్చుకున్నారు. దీపాల నూనె పోగొట్టిందని సణిగినవాళ్లు సణిగారు. కనకలక్ష్మి ఎవరికీ బదులు చెప్పలేదు. రోజూ పొద్దున్నే స్వామి ముందు నిలబడి ఒకే మొక్కు మొక్కుకునేది. కొట్టు ఊరు దాటాలి. అంతే. ఇంత చిన్న కోరికకు స్వామి ఇన్ని రోజులు ఎందుకు తీసుకుంటున్నాడో ఆమెకు తెలిసేది కాదు.

పదకొండో రోజు ఆర్డరు వచ్చింది. బుల్లయ్య సామానంతా బండికెత్తించి, మూడు కిలోమీటర్ల అవతల అద్దంకి రోడ్డు మలుపులో కొత్త పాక వేసుకున్నాడు.

తర్వాత మూడు రోజులు గురునాథం కోపం ఇంకా దిగలేదనే ఊరంతా అనుకుంది. అభిషేకం చెంబు ఎత్తుతుంటే చేతులు వణికేవి. ముఖం నిండా చెమట. ఎవరు పలకరించినా కసురుకునేవాడు. కనకలక్ష్మి ఓపిగ్గా మజ్జిగ కలిపి ఇచ్చేది. రాత్రి ఆయన నిద్రపోయాక దేవుడికి దండం పెట్టుకునేది.

మూడో రోజు సాయంత్రం కోటిరత్నం వచ్చింది. గోపురం రాయి దగ్గరే ఆగిపోయింది. ఆ రాయి దాటి లోపలికి రమ్మని ఆమెను ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. కనకలక్ష్మి తనే ఇవతలికి వచ్చింది.

"మూడు రోజులైందమ్మగారూ! మా ఆయన ఆ మోకాళ్ల నొప్పులతో అంత దూరం పోలేక ఇంట్లోనే పడుంటున్నాడు. తిడుతున్నాడనుకోండి, తిట్టనీండి. నిన్న పిల్లని పక్కన కూచోబెట్టుకుని అన్నం తిన్నాడు." ఆమె కళ్లు తుడుచుకుంది. "మీకు ఏ కష్టం లేకపోయినా మా కోసం ఇంత చేశారు. మీ చెయ్యి చల్లగుండాలి."

కనకలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది. ఊళ్లో ఇంతవరకూ ఎవరూ చూసి ఎరగని పని అది. చాలాసేపు వదల్లేదు.

"లోపలికి రా కోటిరత్నం. దీపారాధన చూసి వెళ్లు. ఎవరేమంటారో నేను చూసుకుంటా."

"వద్దులేమ్మా, ఇక్కణ్ణుంచే చూస్తా." కోటిరత్నం గుడి వైపు తల తిప్పింది. "అదేంటమ్మగారూ, పొద్దు ఇంకా కుంకనే లేదు, తలుపులు మూసేశారే?"

గురునాథం అప్పటికే అద్దంకి రోడ్డు మలుపు వైపు సైకిలు తొక్కుతున్నాడు.