కూర్చోని ఇంటాయన

"ఇక చాల్లేవయ్యా, కాసేపు కూర్చో!" రద్మిలా మొగుడి చేతిలోంచి చేపల పళ్లెం లాక్కుంది.

"పునీత నికొలా పండుగనాడు అతిథులుండగా ఇంటాయన కూర్చోకూడదన్న ఆచారం మరిచావటే?" అన్నాడు మిలోరద్.

రద్మిలా అన్న జివోయిన్ బస్సు డిపో చూసుకుంటాడు. అతను పకపకా నవ్వాడు. "వెన్నెముక ఆపరేషనయ్యి ఆర్నెల్లేగా! పొద్దుటినుంచీ గుంజలా నిలబడ్డాడు చూడవే చెల్లీ. సోమవారం వచ్చి స్టీరింగు పట్టు బావా, నీ రూటు నీకే ఇస్తా."

మిలోరద్ అతని గ్లాసులో రాకియా సారా పోశాడు.

అందరూ వెళ్లాక రద్మిలా కుర్చీ లాగింది. అతను మాత్రం కిటికీ గట్టు మీద పళ్లెం పెట్టుకుని, నిలబడే తినసాగాడు.

"ఇంకా ఎవరికోసం ఈ మర్యాద?"

"మర్యాద కాదే. కూర్చుంటే నడుములోంచి మడమదాకా నిప్పు పాకుతుంది. రెండు నిమిషాలు ఓర్చుకోలేను. ఎందుకు నిలబడ్డావని ఈ ఒక్కరోజే ఎవరూ అడగరు."

మంచంమీదికే కంచం తెమ్మన్నప్పుడల్లా బద్ధకమని తిట్టిన తిట్లన్నీ రద్మిలాకి గుర్తొచ్చాయి. కుర్చీని మెల్లగా బల్లకిందికి తోసింది.

"మరి సోమవారం?"

"సోమవారం పండుగ కాదుగా," అన్నాడు మిలోరద్.