సీపీయూలో రొద

మా కంప్యూటర్ ఆన్ చేస్తే హాల్లో పిండిమర నడిచినట్టుండేది.

"ఆ సీపీయూలో ఫ్యాను మార్చండి బాబూ, చెవులు చిల్లులు పడుతున్నాయి!" అని మా ఆవిడ రోజూ పోరు పెట్టేది. ఆ తర్వాత వంటగదిలోకి వెళ్ళి, ఆ రొదలో తన గొంతు ఎవరికీ వినపడదన్న ధీమాతో ఎలుగెత్తి పాడుకునేది. నేను ఒక్క చరణం వదలకుండా విని, ఏమీ ఎరగనట్టు కూర్చునేవాణ్ణి.

పోరు పడలేక ఆదివారం కొత్త ఫ్యాను బిగించాను. హాలు నిశ్శబ్దం. వంటగదీ నిశ్శబ్దం.

"హాయిగా ఉంది కదూ?" అన్నాను.

"ఆఁ, హాయిగానే ఉంది," అంది నీరసంగా.

మంగళవారం సీపీయూ మళ్ళీ గుర్రుమంది. మూత విప్పి చూద్దును కదా, పిల్లలు సైకిల్ చక్రానికి పెట్టినట్టు, వెనక కన్నాల్లోంచి దూర్చిన అట్టముక్క ఒకటి రెక్కలకు తగులుతోంది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

"ఏమైందండీ?" గుమ్మంలో మా ఆవిడ, ముఖంలో ఏ పాపం ఎరగని అమాయకత్వం.

అట్టముక్కను ఇంకాస్త లోపలికి నొక్కి, మూత బిగించేశాను.

"ఇది బాగుపడే రకం కాదోయ్!" అని అరిచాను.

"అయ్యో, మన ఖర్మ!" అని నాకంటే గట్టిగా అరిచి, పాట అందుకుంది.