నీలం తలుపు

“బూడిదరంగు వెయ్యమన్నారు, వేసెయ్. మనకెందుకు పేచీ?” అన్నాడు సీతాపతి మళ్లీ.

“మనకెందుకేమిటండీ? ఇది మన ఇల్లు!” అంది హైమవతి, అగ్గిపెట్టెంత ఇంటిని వేళ్ల మధ్య తిప్పుతూ.

ఊళ్ల మధ్య కాలువ నీళ్ల తగాదాలన్నీ ఇప్పుడు బల్ల మీద బొమ్మలతో ఆడే యుద్ధపు ఆటతోనే తేలుతున్నాయి. ఆ బల్ల మీదికి కావలసిన గుట్టలూ వీధులూ ఇళ్లూ ఆట నడిపేవాళ్ల దగ్గర్నుంచి డబ్బాల్లో ముక్కలుగా వస్తాయి. వాటిని అతికించి, రంగులేసి పంపడం హైమవతి పని. ఈసారి వచ్చింది తమ పేట నమూనాయే. ఇళ్లన్నిటికీ శిథిలాల రంగు వెయ్యాలని డబ్బా మీద రాసి ఉంది. శిథిలాలకు ఆటలో నీటి వాటా ఉండదు.

“వాళ్లు తిప్పి పంపేస్తారమ్మా,” అంది కూతురు ప్రణవి.

“పంపనీ. మళ్లీ ఉన్న రంగులే వేస్తా.”

“పెరట్లో నా కరివేపాకు చెట్టు మరిచిపోకే!” అని అత్తగారు మంచం మీంచి కేకేసింది.

“ఈవిడొకత్తె!” అని సీతాపతి తల పట్టుకున్నాడు.

జిగురు ఆరిన గోడకు హైమవతి తెల్లరంగు వేసి, సన్న కుంచెతో నీలం తలుపు దిద్దింది. పెరట్లో ఆకుపచ్చ చుక్క పెట్టింది. కుంచె కడిగి అందరి వైపూ చూసింది.

“పేటంతా ఉన్నదున్నట్టే వేస్తున్నాను. ఆట రోజున మన తరఫున బల్ల దగ్గర నేనే కూర్చుంటాను. ఆ పూట అన్నం మీరు వండుకోండి.”