అందరి తోటా కాలింది

“కాలింది తాతబ్బాయి తోట కదే! నా తోట కూడా కాలిపోయిందని సూపిస్తన్నాదేటి నీ పోగ్రాము?” లాప్‌టాప్ మీదికి వంగిన పెదబాబు గొంతు పెంచాడు.

కీర్తి తెర వైపు చూసింది. చోడవరం చుట్టుపక్కల చెరకు రైతుల పేర్లు పన్నెండు. అన్నింటి ఎదురుగా ‘కాలిన తోట’ అనే ఉంది. రేపు విశాఖలో ఇంటర్వ్యూకి చూపించాల్సిన ప్రోగ్రాం అది. నాన్న పంపితే.

“తప్పు నాదే నాన్నా. ‘ఈ రైతు’ అని తాతబ్బాయి మావయ్యొక్కడికే రాయాల్సింది, రైతులందరికీ కలిపి ఉండే మూస, క్లాసంటారు, దాని మీద రాసేసేను. అందరికీ అంటుకుంది.”

“ఒకడి సేలో నిప్పు పడితే ఊరందరి మీదా రాసేస్తావా? బుద్ధుండక్కర్లేదేటి?”

కీర్తి వేళ్ళు ఆగిపోయాయి. అక్క విశాఖలో ఉద్యోగానికెళ్ళి, నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుని ఏడాదైంది. ఆనాటి నుంచీ నాన్న ఎటు వెళ్ళినా కీర్తి గది తలుపుకి బయట గెడ పెట్టే వెళతాడు.

“నువ్వూ అలాగే రాసేవు కదా నాన్నా,” అంది తలెత్తకుండా. “ఎల్లింది అక్క. గెడ నాకు పడింది.”

పెదబాబు తెర మీద తన పేరు దగ్గర వేలు పెట్టాడు.

“ఇది సరవ్వాలంటే?”

“ఒక్క చోట మారిస్తే సాలు.”

తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. అలవాటుగా గెడ పడింది.

కీర్తి ఆ ఒక్క చోటా మార్చింది. ఇప్పుడు తాతబ్బాయి తోట ఒక్కటే కాలి ఉంది.

వెళ్ళిన అడుగులు వెనక్కి వచ్చాయి. బయట గెడ తీసిన చప్పుడైంది. తలుపు మాత్రం ఆయన తెరవలేదు.